ఏడు ఆటలు, మూడు కట్లు

కోలబంతి సంకలో పెట్టుకొని సంతలో నడిస్తే
"బెంగుళూరా కాయా? కిలో ఎంతబ్బా?" అంటారు.
చిత్తూరు డిగ్రీ కాలేజీ రగ్బీ జట్టు మాది.
పన్నెండు మందిమి, తొమ్మిది జతల బూట్లు.

జూలైలో తొలి ఆట. గ్రౌండంతా గుజ్జు ఫ్యాక్టరీ వాసన.
నలభై, సున్నా. సున్నా మాది.

రెండో ఆటలో మునిరత్నం మోచెయ్యి.
వ్యాను నేరుగా పుత్తూరికి మళ్లింది.
పసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు.
కట్టేటాయన గుడ్డ చుడతా చుడతా
"ఎవురు గెలిచిరి?" అన్యాడు.
ఎవురూ పలకల్యా.

మూడోదాంట్లో ఖాజా భుజం.
నాలుగూ అయిదూ అడగొద్దండి.
ఆరోది వానకు ఆగిపాయ;
ఓడల్యా కదాని మిరపకాయ బజ్జీలు తిన్యాం.

ఏడోది తిరుపతిలో.
ఆఖరి నిముషాన బంతి నా చేతికొచ్చె.
ముగ్గురు మీద పడినా ఇడవకుండా
గుండెకు పొదుముకొని ముందుకు పడితి.
సున్నపు గీత నా గడ్డం కింద ఉండాది,
బంతి బెత్తెడు ఇవతల.
రెఫరీ చెయ్యెత్తల్యా.
నా మణికట్టు మటుకు పటుక్కుమనె.

కట్టు విప్పిన దినం
పుత్తూరాయన నా చెయ్యి వంచి, చాపి,
వేళ్లు ఒగటొగటే లాగి చూసి,
ఈసారి గెలుపు సంగతి అడగల్యా.
"మళ్లా ఎబ్బుడు?" అన్యాడు.

జూలైలో, అంటిమి
ముగ్గురమూ ఒక్కసారే.