ఎనిమిదొందల టన్నులు

పన్నెండేళ్లుగా కార్ల గురించి రాస్తున్నాను.
నాకు కారు నడపడం రాదు.
స్టుట్‌గార్ట్‌లో ఎవరికీ చెప్పని ఈ సంగతి
గాజులమండ్యంలో చెంగల్రాయులికి చెప్పాను.
"నాకు మాత్రం వస్తుందా మేడమ్,
డోర్లు కొట్టేదొకటే తెలుసు" అన్నాడు.

మూతబడ్డ చక్కెర మిల్లుకి ఎదురుగా రేకుల షెడ్డు.
కత్తిరెండ.
హార్బరు నుంచి మూడు రాత్రులు పట్టిందట,
పుత్తూరు కాడ కరెంటు తీగల్ని
వెదురుబొంగుతో ఎత్తిపట్టి కింద నుంచి దాటించారట.
టార్పాలిన్ లాగగానే గుర్తుపట్టాను.
మనిషినైతే పట్టేదాన్ని కాదేమో.

నెకార్ నది ఒడ్డున, నవంబరులో,
ఈ ప్రెస్సు ఆఖరి షిఫ్టు మీద తొమ్మిదొందల మాటలు పంపాను.
ఢిల్లీ డెస్కు నాలుగొందలకి కోసింది.
మిగిలినవి: మూతపడే ప్లాంటు, ఆరొందల నలభై ఉద్యోగాలు,
మేనేజరు ఏడుసార్లు అన్న "పరివర్తన", ఒక్కసారి.
పోయింది ఎక్‌హార్ట్.
ముప్పైయొక్కేళ్లు దీని ముందు నిలబడిన మనిషి
ఆ సాయంత్రం నూనెగుడ్డతో తుడిచాడు,
ఆవును తుడిచినట్టు.
ఆ పోలిక మాత్రం నేనే కొట్టేశాను.
మా పేపర్లో ఆవుకి వేరే పేజీ ఉంది.

తుడిచి, గుడ్డ మడిచి, "ఫైరాబెండ్" అన్నాడు.
పని దిగే వేళకి వాళ్ల మాట.
దానికి తెలుగేమిటా అని ఆ రాత్రి ట్రాములో వెతికాను.
పొద్దుగూకడం కాదు. సెలవు కాదు.
నిన్న చీకటి పడ్డాక క్రేను మేస్త్రి గ్లవుజులు విదిలించి
"ఇంగ చాలు, పాండి" అన్నాడు.
నోటుబుక్కు తీశాను.
ఎందుకో రాసుకోలేదు.

మాది మదనపల్లె రోడ్డు మీది ఊరు.
టమాటా రేటు పడిన రోజుల్లో
ట్రాక్టర్లు కుమ్మరించిపోయిన ఎర్రటి బురద దాటి
బడికి పోయినదాన్ని.
ఫ్రాంక్‌ఫర్ట్‌లో షేరు జారిందని మొదటిసారి టైపు చేసినప్పుడు
నా వేళ్లకి ఆ పులిసిన వాసనే.

ఈరోజు పూజ. గుమ్మడికాయ, నాలుగు మూలలా నిమ్మకాయలు.
కర్పూరం పొగకి బెదిరి
సేఫ్టీ సెన్సరు ఎర్రలైటు వేసింది.
పంతులు మంత్రం మధ్యలో ఆగాడు.
ఎలక్ట్రీషియన్ కుర్రాడు అట్టముక్కతో విసిరాడు.
"దానికింకా మన వాసన పట్టలేదబ్బా" అన్నారెవరో.

నా పని చదివిపెట్టడం.
పసుపు స్టిక్కర్లు ఒక్కొక్కటే:
జాగ్రత్త. చెయ్యి పెట్టకు. నూనె ఇక్కడ.
ప్యానెల్ తలుపు లోపల, టేపు ఎండిపోయి,
పెన్సిలుతో రాసిన కాగితం:
"సోమవారం పొద్దున ముందు ఇరవై ఖాళీ దెబ్బలు కొట్టు.
చలికి బిగుసుకుపోయి ఉంటుంది.
తొందరపెడితే అలుగుతుంది."
సంతకం లేదు.

చెంగల్రాయులు మోచేత్తో చెమట తుడుచుకున్నాడు.
"ఈడ చలి యాడుండాది మేడమ్."
కాసేపాగి,
"ఈరోజు ఏం వారం?"
గురువారం.
"సరే. అయినా పెద్దాయన చెప్పినాడు గదా."

లోపల డై లేదు, రేకు లేదు.
మొదటి దెబ్బ.
చక్కెర మిల్లు కప్పు మీంచి పావురాలన్నీ లేచాయి.
టీ గ్లాసులు బల్ల అంచుకి జరిగాయి.
జేబులో ఫోను వణికింది, లేదా నేనే వణికాను.
డెస్కు: అక్కడ పోయినవి తెలుసు, ఇక్కడ వచ్చినవెన్ని?
ముప్పైయెనిమిది అని కొట్టి
పంపకుండా చేతిలోనే పట్టుకున్నాను.

"ఇరవై" అన్నాడు చెంగల్రాయులు.
నా లెక్కకి పంతొమ్మిదే.
నా వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు,
ఎందుకైనా మంచిదని
ఇంకోటి కొట్టాడు.