రెండో టెంకాయ

మాలకొండ గుడి శనివారమే తీస్తారు.
చర్చి ఆదివారం.
మధ్యలో ఒక రాత్రి
ఇద్దరం ఒకే ఫ్యాను కింద పడుకుంటాం.

కందుకూరు వేలం కేంద్రంలో ఇరవై రెండేళ్లు
పొగాకు బేళ్లు మోశాను, తర్వాత చీటీలు రాశాను.
మోకాళ్లు అక్కడే పోయాయి.
ఇప్పుడు కొండ మెట్లెక్కాలంటే
నరసింహసామి కంటే ముందు గోడను నమ్ముకోవాలి.

అయినా పోతాను.
టెంకాయలు రెండు కొంటాను.
ఒకటి సామికి.
రెండోది కొట్టించను.
పీచు కూడా తీయించకుండా సంచి అడుగున పెట్టి ఇంటికి తెస్తాను.
దేవుడి ముందు పగిలింది ఆమె తినదు.
పగలనిదైతే పచ్చడి చేస్తుంది.
అంగట్లో పిల్లోడు ప్రతివారం అడుగుతాడు,
"రెండోది ఏ మొక్కు పెద్దాయనా?"
పచ్చడి మొక్కురా, అంటాను.

ఇది ఒక్క రోజులో వచ్చిన తెలివి కాదు.

వెంగమ్మ మన్నేట్లో మునిగి
రాహేలై వచ్చిన సాయంత్రం
ఆమె నుదురు చూసి మా అమ్మ
వసారాలో కూలబడి ఏడ్చింది.
నేను ఎదురుగా నిలబడే ఉన్నా
నన్ను పోగొట్టుకున్నట్టు.
నేను మాత్రం తక్కువ తిన్నానా.
బొట్టుబిళ్లల అట్ట తెచ్చి అద్దానికి అంటించాను,
రోజుకొకటి, ఆమె మొహం కనపడే ఎత్తులో.
ఆమె ఏమీ అనలేదు.
ఎర్రచుక్కల మధ్య సందు చూసుకుని తల దువ్వుకునేది.
పదిహేడో రోజు గడ్డం గీసుకుందామంటే
అద్దంలో నా మొహమే లేదు.
గోటితో నేనే గీకాను.
జిగురు మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

బళ్లో పరమత సహనం అని చెప్పారు.
నాకు ఆ మాట పడదు.
సహనం పంటినొప్పికి కావాలి.
కరెంటు లేని మే నెలకి కావాలి.
ముప్పైయేళ్లుగా నా జ్వరానికి తడిగుడ్డ వేసే చేతిని
నేను సహిస్తున్నానంటే
ఆ చెయ్యి నన్నేమనుకోవాలి?
వేరే మాట ఏదో ఉండే ఉంటుంది.
నాకు తెలీదు. నేను చదివింది ఏడు.

భజన మండలి వాళ్లు అంటారు,
ఆడమనిషిని ఆ మాత్రం అదుపులో పెట్టుకోలేవా అని.
పాస్టరు గారు ఆమెతో అంటాడట,
విజ్జోడు కాడి మోస్తున్నావమ్మా అని.
వీళ్లెప్పుడన్నా మడక పట్టారా?
మా నాయన కాడికి ఒక పక్క పొట్టెద్దు, ఒక పక్క పొడుగెద్దు.
నాలుగు సాళ్లకి నడక కలిసేది.
ఆ నాలుగు సాళ్లూ కష్టమే, కాదనను.

ఆదివారం ఆమెను మోపెడ్ మీద దించి
చెంచయ్య టీ బంకులో కూర్చుంటాను.
లోపలికి రమ్మని ఆమె పిలవదు. నేను పోను.
పదిన్నరకి మైకులో ప్రార్థన చీటీలు చదువుతారు.
"సహోదరి రాహేలు భర్త
మా... మాలకొండయ్య గారి మోకాళ్ల కొరకు..."
ఆయన నాలుక ప్రతిసారీ మా కొండ దగ్గరే తట్టుకుంటుంది.
భర్త అని రాస్తే చాలు గదమ్మా, అన్నాడట ఒకసారి.
"ఊళ్లో భర్తలు చానామంది అయ్యగారూ,
పేరు లేకపోతే ఎవురి మోకాళ్లని బాగు చేస్తాడు?" అందట.
మా కొండ పేరు చర్చి మైకులోంచి
బజారంతా వినపడతా ఉంటే
చెంచయ్య గ్లాసు అందిస్తూ నవ్వుతాడు.
నాకు నవ్వు రాదు.
గొంతులో ఏదో అడ్డం పడుతుంది,
టీతో దాన్ని కిందికి నెడతాను.

ఈ మధ్య నొప్పి కొంచెం తగ్గింది.
సామి అంటాను నేను. ప్రభువు అంటుంది ఆమె.
ఆయింట్‌మెంటు కొనుక్కొచ్చిన మా పిల్ల
ఇద్దరి వంకా చూసి టీవీ పెట్టుకుంటుంది.

తేలని సంగతి ఒకటుంది.
నన్ను కాల్చాలి, ఆమెను పూడ్చాలి.
ఏటి ఒడ్డున నేను, సరుగుడు తోపు అవతల ఆమె.
నిన్న రాత్రి ఆమే ఎత్తింది,
"పోయినోళ్లని వాళ్ల ఇష్టప్రకారం చెయ్యాల గదా?"
"పోయినోళ్లకి ఇష్టమేంది, ఉన్నోళ్లకి గానీ" అన్నాను.
మాట ఎటూ తెగకముందే కరెంటు పోయింది.
చీకట్లో విసనకర్ర వెతికి
మధ్యలో పెట్టుకుని విసిరింది.

తెల్లారి పెరట్లో రోటి అంచు మీద
టెంకాయ పగిలిన చప్పుడు.
నీళ్లు గ్లాసులో పట్టి నాకిచ్చింది.
పచ్చట్లో ఉప్పు తక్కువైందన్నాను.
నాలిక మీద వేసుకుని చూసి, అవునంది.
చర్చికి టైమవతా ఉంది, బండి తియ్యమంది.