నలభై ఒకటో పేజీ

ఆబిడ్స్‌లో ఆదివారం, ఫుట్‌పాత్ మీద
పాలిటెక్నిక్ గైడ్ల కింద నలిగి దొరికింది.
అట్ట లేదు. లోపల "వెల ఆరణాలు".
ఇరవై రూపాయలకిచ్చాడు,
"ఎవరు చదువుతారన్నా దీన్ని" అని జాలిపడి మరీ.

చదివేది కాదు, అల్లేది.
ఆ మాట అతనికి చెప్పలేదు.

చిక్కడపల్లిలో మెట్ల కింద గది నాది.
ఆధార్ జిరాక్సులు, పాసుఫోటోలు, రెంటల్ అగ్రిమెంట్లు.
రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించి
ఒక్కో పేజీ అద్దం మీద పరిచాను
జ్వరం పిల్లను పడుకోబెట్టినట్టు.
అయినా అంచులు రాలాయి, జంతిక పొడిలా.

మరకలు తుడిచే మీట ఒకటుంది.
నొక్కాను.
తెల్లగా, అందంగా వచ్చింది పేజీ.

రామ్‌నగర్ నుంచి సెట్విన్ బస్సెక్కి వచ్చిన సువార్తమ్మ
కళ్ళజోడు నుదుటికెత్తి చూసింది.
"ఏంటయ్యా, కుట్లన్నీ ఊడ్చేశావు?"

చుక్క అంటే గొలుసు.
చుక్కల్ని దుమ్మనుకుంది మిషను.
నేనూ అనుకున్నాను.

మళ్ళీ మొదలు.
ఈసారి ఆమె పక్కనే స్టూలు మీద,
ఇది చుక్క, ఇది పురుగు తిన్న కన్నం,
ఇది చుక్క, ఇది ఎవరిదో టీ.
పురుగు కూడా కొన్నిచోట్ల
మంచి పనితనమే చూపించిందంది.

రాసింది ఎవరో దొరసాని, పేరు పెద్దక్షరాల్లో.
అల్లినవాళ్ళ పేర్లు అచ్చులో లేవు.
పందొమ్మిదో పేజీ పక్కన మాత్రం పెన్సిలుతో
"ఎస్తేరు. మూడు డజన్లు. అర్ధణా బాకీ."

ఛత్తాబజార్‌లో మొయిజ్ భాయ్
పెళ్ళికార్డుల మధ్య ప్రూఫులు పరిచి
"ఈ పెన్సిల్ గీతలు తీసేద్దామా? సాఫ్‌గా ఉంటది" అన్నాడు.
సువార్తమ్మ సంచి ఒళ్ళోకి లాక్కుంది.
"బాకీ తీరుస్తారు గాని, తీసేస్తారా బాబూ?"
మొయిజ్ భాయ్ కాసేపు మాట్లాడలేదు.
తర్వాత కాగితం ఖర్చులో రెండొందలు తగ్గించాడు,
ఎందుకో చెప్పలేదు.

నలభై ఒకటి లేదు.
అనాసపండు అంచు సగం అల్లి
"తరువాతి పుట చూడుడు" అంటుంది నలభై.
"ఈ విధముగా ముగించవలెను" అంటుంది నలభై రెండు.
ఏ విధముగానో
ఏ పకోడీల పొట్లానికి తెలుసో.

మూడు రోజులు నా కస్టమర్ల మధ్య కూర్చుని
కొక్కెంతో అల్లింది.
అయిదు, వదిలెయ్, రెండు, మళ్ళీ అయిదు.
కాలేజీ పిల్లాడొకడు జిరాక్సు తీసుకుని
చిల్లర మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.
కరెంటు పోతే
ఆమె వేళ్ళు ఆగలేదు.

నాలుగో రోజు
ఆ అల్లికనే అద్దం మీద పెట్టాం,
పైన నల్లకాగితం.
వెలుగు గీత ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది.
తెర మీద ముందు కన్నాలు కనిపించాయి,
వాటిని పట్టుకున్న దారం ఆ తర్వాత.

"పుస్తకంలో ఇలాగే ఉందా?"
"నాకేం తెలుసు? మా అమ్మ ఇలా ముగించేది."

కింద చిన్నక్షరాల్లో వేశాం:
ఈ పుట దొరకలేదు. ఉన్నది చేతికి గుర్తున్నది.

రెండు వందల కాపీలు.
ముప్ఫై ఏడు పోయాయి.
మిగతా కట్టల మీద లామినేషన్ మిషను పెట్టుకున్నాను,
ఎత్తు సరిగ్గా సరిపోయింది.

నిన్న అమీర్‌పేట హాస్టల్ నుంచి ఫోను, ఎవరో అమ్మాయి.
"అంకుల్, నలభై ఒకటిలో మూడో వరస
ఒక గొలుసు ఎక్కువొస్తోంది. అచ్చుతప్పా?"

సువార్తమ్మ గాల్లో లెక్కపెట్టింది.
మళ్ళీ పెట్టింది.
బొటనవేలు చూపుడువేలి కణుపు మీద
చాలాసేపు ఆగిపోయింది.

"అవును, అమ్మ తప్పు వేసేది అక్కడ" అంది.
"ఆ పిల్లను ఆదివారం రమ్మను.
ఎలా వెయ్యాలో చూపిస్తాను."