కొండకు కొండ ఆనినప్పుడు

కేజీహెచ్‌లో మా గది కిటికీకి
సగం సముద్రం, సగం పోర్టు క్రేన్లు.
బల్లకు అవతల సూరాడ ఎల్లాజీ,
ముప్పై ఎనిమిదేళ్ళు బోటు నడిపిన సరంగు.
మెదడువాపు జ్వరం దిగి ఆర్నెల్లు.

"నేను చెప్పిన అంకెలు మళ్ళీ చెప్పాలి బాబాయ్.
ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు, ఒకటి, ఆరు."
పెదాలు కదిలాయి.
లోపల ఒక గొంతు వాటిని
తెడ్డు వెనక తెడ్డు వేసినట్టు తిప్పుతోంది.
డెబ్బై రెండు, తొంభై నాలుగు, పదహారు.
అన్నీ సరిగ్గా.
ఆరింటిని మూడు చేసుకున్నాడు,
వేలంపాట దగ్గర చేపల్ని జతకట్టే అలవాటు.

అంతలో తలుపు తోసుకుని టీ కుర్రాడు:
"పంచదార వెయ్యమంటారా?"
అంతే. గొంతు ఆగింది, అంకెలు మునిగాయి.
"ఏ అంకెలమ్మా?" అన్నాడు.
నన్ను ఎగాదిగా చూసి
"ఎవలి పిల్లవే తల్లీ నువ్వు?"
ఇది పదకొండో మంగళవారం.

తక్షణ స్మృతి చిన్న బుట్టలాంటిదని
క్లాసులో నేనే చెప్పాను.
తప్పు.
బుట్టలో పెట్టింది దించేదాకా ఉంటుంది.
ఇది దోసిలి.
వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంటుంది,
ముంచుకుంటూ ఉన్నంతసేపే నిండుగా కనిపిస్తుంది.

దోసిట్లోది కడవలోకి ఒంపే చెయ్యి ఒకటి
చెవికి లోపలివైపు, చిటికెన వేలంత,
సముద్రపు గుర్రంలా వంకర తిరిగి.
మనం నిద్రపోయాక
అది పగటి సరుకు దించుకుంటుంది,
తెల్లారేలోగా హార్బర్లో దించినట్టు.
జ్వరం ఎల్లాజీకి ఆ చెయ్యిని కాల్చింది.
కడవ జోలికి పోలేదు.

"బాబాయ్, కోనెం ఎక్కడ పడుద్ది?"

కుర్చీ గోడకు తగిలేలా లేచాడు.
కిటికీ అద్దం మీద వేలు పెట్టి
"యారాడ కొండ ముక్కుకి లైటౌసు ఆనాల.
ఇటేపు కైలాసగిరి బుజం మీంచి
సింహాచలం కొండ తొంగి సూడాల.
రెండూ కలిసిన కాడ ఇంజినాపు.
కింద రాయుంటది. మా అయ్య సూపిచ్చిన గుర్తు."

గుర్తు.
జ్ఞాపకం అని రాయబోయిన పెన్ను ఆగింది.
ఒక్క గీత చాలదు సముద్రంలో,
ఆ గీత పొడుగునా ఎక్కడైనా ఉండొచ్చు మనం.
రెండోది దాన్ని అడ్డంగా కొయ్యాలి.
ఒంటరిగా పెట్టుకున్నదేదీ
నా తలలోనూ నిలబడలేదు.

నిలబడినవీ అంత నమ్మదగ్గవి కావు.
హుద్‌హుద్ మధ్యాహ్నం మెట్ల కింద
అక్క చెయ్యి పట్టుకుని వణికాను నేను.
గాజు గుచ్చుకున్న నొప్పి ఇంకా అరచేతిలో ఉంది.
అక్క నవ్వుతుంది:
"నువ్వు ఆరోజు రాజాం హాస్టల్లో ఉన్నావే!
మూడ్రోజులు నీకు ఫోనే కలవలేదు."
బయటికి తీసిన ప్రతిసారీ
కొంచెం తడిసి, వేరే మడతలో లోపలికి వెళ్తుందేమో.

బల్ల పక్కన కొడుకు కాసులు
ఫోన్లో ఏదో టైపు చేస్తున్నాడు.
బాగున్న రోజుల్లో ముసలాయన
ఒక్క గుర్తూ చెప్పలేదట ఎవరికీ, కొడుక్కి కూడా.
ఇప్పుడు అడిగితే చెప్తాడు,
చెప్పినట్టు తెలియదు కనక
దాచుకోవాలనీ తోచదు.
ఆర్నెల్లలో తొమ్మిది.
నా ప్రశ్నలు ఎవరి కోసమో
నేను నా కాగితాల్లో రాయలేదు.

వచ్చే మంగళవారం
ఎల్లాజీ నన్ను ఎగాదిగా చూశాడు.
"ఎవలి పిల్లవే తల్లీ?"
చెప్పాను. ఓహో అన్నాడు, మర్యాదగా.
తలుపు తోసుకుని టీ కుర్రాడు.
వాడు నోరు తెరవకముందే
ఎల్లాజీ చెయ్యి ఎత్తాడు:

"ఆ అమ్మకి పంచదార వద్దురా."