నూతుల పుస్తకం

సముద్రం దాటి వచ్చింది కుసుమావతి
కవిటి పక్కన మా ఊరికి.
ఆ పేరొక్కటే మాకు తెలిసిన మాట.

మంచినీళ్లు ఇవ్వబోయి
చెయ్యి వెనక్కి తీసుకుంది ఢిల్లమ్మ.
ఆమె గ్లాసు అందుకుని "వతుర" అంది, నవ్వింది.
లంకలో వాళ్లూళ్లోనూ
చుట్టాలొస్తే ఇలాగే తడబడతారట.

జీడితోటలో చాప పరిచి
రిపోర్టులు విప్పుకున్నాం.
ఏడు పాయింటు నాలుగుకి
దుబాసీ అక్కర్లేకపోయింది.

అప్పుడు తీసింది సంచీలోంచి
అట్ట చిరిగిన లెక్కల పుస్తకం.
ఊళ్లో ప్రతి నుయ్యికీ ఒక వరస:
లోతు, రుచి, ఎవరు పోయారు.
"రక్తం పట్టుకెళ్లినోళ్లు కబురు చెప్పలేదు.
మేమే రాసుకుంటన్నాం."
"ఓలమ్మా, మనకీ అంతే గదేటి" అంది లోలాక్షి.

మేం చెప్పిందీ ఆమె రాసుకుంది:
డయాలసిస్ ఆటోకి
పిక్కలు కొట్టే ఆడోళ్లం వేసుకునే చీటీ,
వంతు తప్పినోళ్లని అడగకూడదన్న కట్టు.
గుండ్రంగా, మా అక్షరాలకి చెల్లెళ్లలా
ఆ పేజీ నిండింది.

ఆమె వెళ్లిన మర్నాడు
మొదటి నుయ్యి ఢిల్లమ్మది.
చేంతాడు కొలిచి ఆరు బారలంది.
రుచి దగ్గర చాలాసేపు ఆగింది.
"తీపే" అంది.

తర్వాతి గడికి
పెన్సిల్ తనే అడిగి తీసుకుంది.