ఒంటికాలి మీద

బల్లరాట్‌లో జూన్ నెల. స్కౌట్ హాలు తలుపు
తేమకి ఉబ్బి, భుజంతో నెడితేగాని తెరుచుకోదు.
హీటరు టిక్కుటిక్కుమంటుంది, వెచ్చబడదు.
మేజోళ్ళు విప్పేసి పదకొండు మందిమి
బాస్కెట్‌బాల్ గీతల మీద చాపలు పరుచుకుంటాం.

లినెట్, పోస్టాఫీసులో రిటైరైన మనిషి,
వృక్షాసనాన్ని నాలుగు ముక్కలు చేసి
పార్సిలు విప్పినట్టు ఒక్కో ముక్కా మా ముందు పెడుతుంది.
సరిగ్గా అన్నానా అన్నట్టు నావైపు చూస్తుంది.
నాకేం తెలుసు?
మా ఇంట్లో నాన్న వాలీబాల్ ఆడేవాడు,
అమ్మ కిరోసిన్ క్యూలో నిలబడేది.
నాకొచ్చిన ఒంటికాలి విద్య తొక్కుడుబిళ్ళ ఒక్కటే.
పెంకుముక్క ఎనిమిదో గడిలో పడ్డా
గీత తొక్కకుండా తెచ్చేదాన్ని.
చూపు ఎక్కడ నిలపాలో అప్పుడెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నిలపాలట.
మంటలార్పే ఎర్ర సిలిండరు మీద నిలుపుతాను.
చీలమండలో చేపపిల్లేదో కొట్టుకుంటుంది.
ఆరు. ఏడు.
పడ్డాను.

పోయిన శనివారం గోలూ ఎడమవైపు నుంచే పోయింది.
బంతిని చూశాను. ఒట్టు, చూశాను.
కాలికి కబురందేసరికి అవతలి జట్టు కౌగిలించుకుంటోంది.
ప్రాక్టీసు చాల్లేదంది బ్రోన్విన్.
ఒంటికాలి మీద లేచాను ఆమె మీద.
తర్వాత కార్లో కూర్చుని
తాళంచెవి ఎటు తిప్పాలో కాసేపు గుర్తురాలేదు.

ఒళ్ళు అలిసే పని కాదు నాది.
రాత్రంతా కుర్చీలోనే ఉంటాను, చెవులకి హెడ్‌సెట్టు.
అంబులెన్సు కోసం మోగే ప్రతి ఫోనుకీ
ఒకటే గొంతు: ఎక్కడున్నారు?
ఎవరి వంటింట్లోనో ఎవరో పడివుంటారు,
వెనక టీవీలో ఎవరో నవ్వుతూనే ఉంటారు.
గట్టిగా నొక్కండి, నాతో లెక్కపెట్టండి.
తెల్లారి ఇంటికొచ్చి
చక్కెర ఫ్రిజ్‌లో పెడతాను, పాలు అల్మరాలో.

టామ్సిన్, యూనివర్సిటీ పిల్ల,
పరిశోధనకని లాప్‌టాప్ తెచ్చింది.
తెరమీద ఎరుపు అన్న మాట నీలం అక్షరాల్లో.
రంగు చెప్పాలి, మాట చెప్పకూడదు. అరగంట.
అది కాగానే కళ్ళు మూసుకుని ఒంటికాలిపై నిలబడాలి.
మాటలు ఇంగ్లీషువి కదా,
రంగుల్ని తెలుగులో తలుచుకుని గట్టెక్కుదామనుకున్నా.
పచ్చ దగ్గర దొరికిపోయాను:
ఆకు పచ్చా, పసుపు పచ్చా?

ఫుట్‌బాల్ ఆడే మాంసం కొట్టు కుర్రాడు తొమ్మిది సెకన్లు.
సరస్సులో పడవ తోసే లెక్కల మాస్టారు పదకొండు.
పరీక్షకి ముందు ఇద్దరూ ముప్ఫై దాటినవాళ్ళే.
అలసట కాళ్ళలోది కాదంది టామ్సిన్, పెన్ను నములుతూ.
మరెక్కడిదో ఆమెకీ పూర్తిగా తెలిసినట్టు లేదు.

నా వంతు.
కళ్ళు మూయగానే సిలిండరు పోయింది.
చీకట్లో మంగళవారం నాటి మగగొంతు
ఏడుస్తూ లెక్కపెడుతోంది.
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది
వాళ్ళావిడ ఏమైందో నాకెప్పటికీ తెలీదు.
అంబులెన్సు చేరితే నా లైను తెగిపోతుంది.

లెక్క ఆపేశాను.
పాదం కింద చాప, చాప కింద చెక్క, చెక్క కింద చలి.
బొటనవేలొకటి తనకు తోచిన దిద్దుబాట్లేవో చేసుకుంటోంది,
నన్నడక్కుండా.
జపం చేసే కొంగకి కూడా
నీళ్ళ అడుగున కాలు ఇలాగే వణుకుతుందేమో.
ఎవరు చూడొచ్చారు!

పడలేదు. కాలు నేనే దించాను.
ఎంతసేపు, అనడిగాను.
టామ్సిన్ మొహం తెల్లబోయింది.
వాచీ నొక్కడం మర్చిపోయిందట.
రాత్రి పెట్రోలు బంకులో డ్యూటీ చేసి
నేరుగా వచ్చిందట.
లినెట్ ఆమెకో చాప పరిచింది.
పడుకోబెట్టి పైన తన కోటు కప్పింది.

శనివారం రెండు గోల్స్ తిన్నాను.
రెండూ కుడివైపు నుంచే.
ఇంటికెళ్ళి పాలు ఫ్రిజ్‌లో పెట్టాను,
మళ్ళీ ఓసారి తెరిచి చూసుకున్నాను.