అద్దె బదులు

మూడు నెలల గది అద్దె వాటా ఎగ్గొట్టి
డెరిక్ గోవా బండెక్కుతూ
గుమ్మం దగ్గర ఈ పెట్టె వదిలి వెళ్ళాడు.
నాలుగు కాలి మీటలు, ఆరు నాబులు,
ఎర్రంకెలు వెలిగే చిన్న కిటికీ.
గిటారు కోసం పుట్టిన పెట్టె.
నాకు గిటారు రాదు.
ఉన్నదల్లా గొంతు.

మైకు తీగ దాంట్లో దూరదు.
ఎలాగో దూర్చి పాడితే
పక్కింటి స్నానాలగదిలోంచి పాడినట్టుంది.
ఎస్పీ రోడ్డులో మెట్ల కింది కొట్టు, మునెప్ప
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి,
"మైకుది సన్న గొంతు పాపా,
ఈ డబ్బాది మొద్దు చెవి.
నడమ ఒకడు నిలబడి చెప్పల్ల" అని
బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో పెట్టాడు.
నాలుగొందల యాభై. బేరం లేదు.

వారమంతా నేను చేసేదీ నడమ నిలబడ్డమే.
జయనగర నాలుగో బ్లాకులో వినికిడి మిషన్ల షాపు.
పెద్దవాళ్ళ చెవిలో చింతగింజంత మిషను పెట్టి
"ఇప్పుడు? మరి ఇప్పుడు?" అంటుంటాను.
కాస్త ఎక్కువైతే కీచుమంటుంది, తిడతారు.
మొన్నొకాయన
తను నమిలే చప్పుడు తనకే వినిపిస్తోందని
తీసి బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

రాత్రిళ్ళు కమ్మనహళ్ళి గదిలో
పెట్టెలో ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చాను.
యాంపుల వేషాలన్నీ తీసేశాను,
గొంతుకి ఆ ఇనప చొక్కా దేనికి?
రేకు చింపినట్టుండే డిస్టార్షన్ తీసేశాను.
ఎకో మాత్రం ఉంచాను, చారులో ఇంగువంత.

హార్మొనీ మీట నొక్కితే
పక్కన ఇంకొకతె లేచి
నాకు పైమెట్టున పాడుతుంది.
ఊపిరి తీసుకోదు, దాహం వెయ్యదు.
శ్రుతి ఏదో ముందే చెప్పిపెట్టాలి, చెప్పాను.
అయినా గాంధారం వదిలి మధ్యమంలోకి
నేను జారే ఆ కాస్త చోట
ఎటు పోవాలో తెలీక నత్తిపడుతుంది.
దిద్దుదామని రెండు రాత్రులు కూర్చున్నాను.
మూడో రాత్రి
ఆ నత్తి కోసమే మళ్ళీ మళ్ళీ అక్కడ జారాను.

శనివారం. లింగరాజపురం ఫ్లైఓవర్ పక్కన మేడ మీది బారు.
టీవీలో క్రికెట్టు. ముందు టేబులంతా నాకు వీపు.
మైకు స్పీకరు వైపు తిరిగి ఒకసారి కూసింది,
సౌండ్ చూసే ఇంతియాజ్ అరచెయ్యి ఎత్తాడు, ఆగాను,
దించాడు, మొదలెట్టాను.
మీటలు తెలియాలని చెప్పులు విప్పి పాడతాను.
రెండో చరణంలో
చిటికెనవేలు పక్క మీట మీద పడింది.

పెట్టెలో డెరిక్ ఉన్నాడు.

కరెంటు తీసినా చెరగని లూపు, నలభై సెకన్లు.
దగ్గు. గొంతు సవరింపు.
తర్వాత నా పల్లవే,
నాకంటే చాలా కిందినుంచి, సన్నగా,
పక్కింటి స్నానాలగదిలోంచి పాడినట్టు.
సగంలో తెగింది. చిన్న నవ్వు.
మళ్ళీ దగ్గు.

గిటారు తీగలకి దగ్గు వినపడదు.
అంటే మైకు తగిలించాడు.
"నాది గొంతా, గరిటా?" అని
మూడేళ్ళు నా వెనక తలొంచుకుని వాయించినవాడు
ఎప్పుడో, గదిలో నేను లేని పూట.
మునెప్ప దగ్గరికి వెళ్ళమని చెప్పేవాళ్ళు లేకపోయారు.

మీట ఆపాలి. కాలు లేవలేదు.
అతను మూడోసారి తెగిన చోట
నేను అందుకున్నాను.
ముందు టేబుల్లో ఒకాయన వెనక్కి తిరిగాడు,
అప్పుడే వికెట్ పడింది, అటు తిరిగిపోయాడు.

కొత్త లూపు కావాలంటే పాతది చెరపాలి,
ఒక్కటే జాగా ఉంది దాంట్లో.
ఆదివారం మధ్యాహ్నం డెరిక్ మెసేజి:
"పెట్టె పనిచేస్తోందా?"
చాలాసేపు టైపు చేసి, చెరిపి,
మూడో నాబు వదులైంది
అని రాశాను.